నల్లగొండ ప్లాటు అమ్మిన డబ్బు, కిరాయిలు బ్రిటన్‌కు తెచ్చుకుంటే పన్ను ఎక్కడ, ఎంత?

ప్రశ్న: బత్తాయి తోట, లెస్టర్

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. 2022 సెప్టెంబరులో నర్సు ఉద్యోగానికి బ్రిటన్ వచ్చాను, అప్పటి నుంచి లెస్టర్‌లోనే ఉంటున్నాను. అంతకు ముందు నేను ఈ దేశంలో ఎన్నడూ లేను. మా నాయన 2021 ఆగస్టులో కాలం చేశారు. ఆయన ఆస్తిలో నా వంతుకు గడియారం చౌరస్తా దగ్గర రెండు మడిగెలు (దుకాణాల గదులు), కనగల్ మండలంలో నాలుగెకరాల బత్తాయి తోట, పట్టణంలో 240 గజాల ఖాళీ ప్లాటు వచ్చాయి. విరాసత్ (వారసుల పేరిట మార్పు) కూడా పూర్తయింది.

మడిగెలకు నెలకు ఏడేసి వేల చొప్పున మొత్తం 14,000 రూపాయల కిరాయి వస్తుంది. తోటను కౌలుకు ఇచ్చాము, కౌలుదారు ప్రతి జూన్‌లో 1,20,000 రూపాయలు కడతాడు. ఈ రెండూ నా ఎన్ఆర్ఓ ఖాతాలోనే (ప్రవాసుల భారత ఆదాయం పడే రూపాయల ఖాతా) పడతాయి. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది కిరాయి అంతా మడిగెల పైకప్పు మరమ్మతుకు అయిపోయింది. ఆ తరువాత వచ్చినదంతా ఖాతాలోనే ఉంది. అందులోంచి ఇంతవరకు ఒక్క పౌండు కూడా ఇక్కడికి తెచ్చుకోలేదు, తెచ్చుకోలేదు కాబట్టి ఇక్కడ ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదనుకున్నాను.

ఇప్పుడు ఇక్కడ ఒక చిన్న ఇల్లు కొనాలనుకుంటున్నాము. మొదట కట్టవలసిన సొమ్ము కోసం నల్లగొండ ప్లాటు అమ్మకానికి పెట్టాము. నాయన 2004లో మూడు లక్షలకు కొన్న ఆ ప్లాటుకు ఇప్పుడు 48 లక్షలు ఇస్తామంటున్నారు. బయటి నుంచి వచ్చిన డబ్బు ఈ దేశంలో అడుగుపెట్టిన రోజే దాని మీద పన్ను పడుతుందని మా వార్డులో పనిచేసే ఒకామె చెప్పారు. కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగేళ్ల వరకు విదేశీ ఆదాయం మీద పన్నే లేదని, రిటర్నులో ఒక గడి నింపితే చాలని మా ఆయన స్నేహితుడు అంటున్నారు. వ్యవసాయ ఆదాయానికి ఎక్కడా పన్ను ఉండదు, దాన్ని లెక్కలోకే తేవద్దని నల్లగొండ నుంచి మా బావ ఫోన్‌లో గట్టిగా చెబుతున్నారు. ముగ్గురూ నా మేలు కోరేవాళ్లే, ముగ్గురి మాటలూ వేర్వేరుగా ఉన్నాయి. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు: సూర్యాపేట లెక్కలు, బర్మింగ్‌హామ్

బత్తాయి తోట గారికి నమస్కారం. నేను ఇక్కడ పదకొండేళ్లుగా ఒక చిన్న అకౌంట్ల కార్యాలయంలో పనిచేస్తున్నాను. బ్రిటన్ వైపు సంగతి మాత్రమే రాస్తాను. భారత్ వైపు సంగతి అక్కడ రిటర్నులు వేసేవారు రాస్తేనే న్యాయం.

మీకు సలహా చెప్పిన ముగ్గురిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో కాలం నాటి నియమాన్ని లేదా ఒక్కో దేశపు నియమాన్ని చెబుతున్నారు. డబ్బు దేశంలోకి వచ్చినప్పుడు పన్ను వేసే పద్ధతి ఇక్కడ నిజంగానే ఉండేది. 1799లో ఆదాయపు పన్ను పుట్టిన నాటి నుంచి ఏదో ఒక రూపంలో సాగిన ఆ పద్ధతి 2025 ఏప్రిల్ 5తో ముగిసింది. స్వదేశం వేరేగా ఉండి ఇక్కడ నివసించేవాళ్లు అంతవరకు కోరుకుంటే, తమ విదేశీ ఆదాయంలో ఇక్కడికి తెచ్చుకున్న భాగానికే పన్ను కట్టేవారు. 2025 ఏప్రిల్ 6 నుంచి వచ్చిన కొత్త నియమం ప్రకారం, అంతకు ముందు వరుసగా పదేళ్లు బ్రిటన్ నివాసి కాకుండా ఉండి కొత్తగా వచ్చినవాళ్లు, తొలి నాలుగు పన్ను సంవత్సరాల్లో విదేశీ ఆదాయానికి, విదేశీ లాభానికి పూర్తి మినహాయింపు అడగవచ్చు. ఆ డబ్బును ఇక్కడికి తెచ్చుకున్నా పన్ను ఉండదు. నాలుగేళ్లు దాటినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా, తెచ్చినా తేకపోయినా, ఆ సంవత్సరమే లెక్కలోకి వస్తుంది.

మీ నాలుగేళ్లు మాత్రం 2025 నుంచి కాదు, మీరు నివాసి అయిన సంవత్సరం నుంచి మొదలవుతాయి. 2022 సెప్టెంబరులో వచ్చారు కాబట్టి 2022-23 మొదటిది, 2025-26 నాలుగవది. అంటే కొత్త మినహాయింపు మీకు 2025-26 ఒక్క సంవత్సరానికే, 2026 ఏప్రిల్ 5 వరకే దొరుకుతుంది. వెంటనే అడిగేయాలి కదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే ఒక్క క్షణం ఆగి లెక్క వేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను, ఎందుకంటే ఈ మినహాయింపు ఊరికే రాదు. దాన్ని అడిగిన సంవత్సరంలో అందరికీ ఉండే 12,570 పౌండ్ల పన్ను లేని వ్యక్తిగత పరిమితినీ, ఆస్తి లాభాల మీద ఉండే 3,000 పౌండ్ల పరిమితినీ వదులుకోవాలి. మీ జీతం 20 శాతం పన్ను పరిధిలో ఉంటే, వ్యక్తిగత పరిమితి పోవడం వల్ల జీతం మీదనే 2,514 పౌండ్ల పన్ను అదనంగా పడుతుంది. మినహాయింపు వల్ల మిగిలేది అంతకంటే ఎక్కువైతేనే అది మీకు మేలు. ఏడాదికి 1,25,140 పౌండ్లకు పైగా సంపాదించేవాళ్లకు వ్యక్తిగత పరిమితి ఎలాగూ ఉండదు కాబట్టి వాళ్లు పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు. నర్సు జీతంతో ఉన్నవారి సంగతి వేరు.

ఇక ప్లాటు సంగతి చూద్దాం, మీ ప్రశ్నలో అసలు విశేషం అక్కడే ఉంది. వారసత్వంగా వచ్చిన ఆస్తికి, దాని యజమాని కన్నుమూసిన రోజున ఆ ఆస్తి బజారు విలువ ఎంతో అదే మీ కొనుగోలు ధర అని బ్రిటన్ చట్టం భావిస్తుంది. మీ నాన్నగారు 2004లో పెట్టిన మూడు లక్షలతో ఈ దేశపు లెక్కకు సంబంధం లేదు. పైగా లెక్క మొత్తం పౌండ్లలోనే వేయాలి. ఏ రోజు విలువను ఆ రోజు మారకపు రేటుతో మార్చాలి, చివరలో రూపాయల లాభాన్ని తేల్చి ఒకేసారి మార్చకూడదు. 2021 ఆగస్టులో ఆ ప్లాటు విలువ 40 లక్షలనీ, పౌండు సుమారు 100 రూపాయలనీ అనుకుంటే మీ ధర 40,000 పౌండ్లు. ఇప్పుడు 48 లక్షలకు అమ్మినప్పుడు పౌండు 116 రూపాయలు ఉంటే మీకు వచ్చేది సుమారు 41,379 పౌండ్లు. రూపాయల్లో ఎనిమిది లక్షలు పెరిగినట్లు కనిపించే లాభం పౌండ్లలో 1,379 మాత్రమే, అది 3,000 పరిమితి లోపలే ఉంది. కాబట్టి ప్లాటు మీద మీకు ఇక్కడ పన్ను పడే అవకాశం లేదు, పన్ను లేని చోట మినహాయింపు కోసం 2,514 పౌండ్లు పోగొట్టుకోవడంలో అర్థం లేదు. ఈ లెక్క అంతా 2021 నాటి విలువ మీద నిలబడింది గనుక దానికి గట్టి ఆధారం ఉండాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయపు విలువ మాత్రమే సరిపోదు, నమోదైన వాల్యూయర్ చేత ఆ తేదీకి బజారు విలువ రాయించుకోండి. ఇప్పుడు రాయించినా చెల్లుతుంది.

కిరాయి, కౌలు విషయంలో మాత్రం మీరు అనుకున్నది సరి కాదని చెప్పక తప్పదు. పాత పద్ధతిలో, ఇక్కడికి తీసుకురాని విదేశీ ఆదాయం ఆ సంవత్సరానికి 2,000 పౌండ్ల లోపల ఉంటేనే ఏ దరఖాస్తు లేకుండా, వ్యక్తిగత పరిమితి పోకుండా, తెచ్చినప్పుడు మాత్రమే పన్ను అనే వెసులుబాటు దానంతట అదే వర్తించేది. మీ మొదటి సంవత్సరంలో ఏడు నెలల కిరాయి 98,000 రూపాయలు, అంటే సుమారు వెయ్యి పౌండ్లే. అది మడిగెల పైకప్పుకే ఖర్చయింది, ఇక్కడికి రాలేదు. దానితో మీకు ఇబ్బంది లేదు. 2023-24లో కిరాయి ఒక్కటే అయితే 1,68,000 రూపాయలు, అప్పటి రేటుకు 1,600 పౌండ్ల చిల్లర. జూన్‌లో వచ్చిన కౌలు కలిపితే 2,88,000 రూపాయలు, పౌండు 104 చొప్పున 2,769 పౌండ్లు. మీ బావగారి మాట ప్రకారం కౌలును లెక్కలోకి తేకపోతే పరిమితి లోపల ఉన్నట్లు, తెస్తే దాటినట్లు అవుతుంది. భారత్‌లో వ్యవసాయ ఆదాయానికి కేంద్ర పన్ను లేకపోవడం భారత చట్టం ఇచ్చిన మినహాయింపు. బ్రిటన్ చట్టానికి అది భూమి మీద వచ్చిన కిరాయి మాత్రమే. కాబట్టి 2023-24, 2024-25 సంవత్సరాలకు మీరు రిటర్నులో చూపించవలసి ఉండింది.

భయపడవలసినంత మొత్తం కాదు. భూమి, ఇళ్ల మీద వచ్చే ఆదాయానికి ఏడాదికి 1,000 పౌండ్ల మినహాయింపు ఉంది, మడిగెలకూ తోటకూ కలిపి ఒకేసారి. 2,769లో అది తీసివేస్తే 1,769, దాని మీద 20 శాతం అంటే సుమారు 354 పౌండ్లు. నిజంగా అయిన ఖర్చులు వెయ్యి పౌండ్లు దాటితే మినహాయింపునకు బదులు ఖర్చులు చూపవచ్చు. 2024-25 రిటర్నుకు ఆన్‌లైన్ గడువు 2026 జనవరి 31. దానికి ముందే నమోదు చేసుకొని పన్ను కట్టండి. గడచిన 2023-24ను మీ అంతట మీరే ప్రకటించడానికి పన్నుల శాఖ వారి విదేశీ ఆదాయ ప్రకటన మార్గం ఉంది. వాళ్ల ఉత్తరం మీ ఇంటికి రాకముందే మీరు చెబితే జరిమానా తగ్గుతుంది.

జవాబు: దేవరకొండ కుర్రాడు

అక్కా, అక్కడి కిరాయి అక్కడి బ్యాంకులోనే ఉంటే ఇక్కడివాళ్లకు ఎట్లా తెలుస్తుంది? నాలాగా చాలామంది ఏళ్లుగా అట్లాగే ఉంచారు. చిన్న మొత్తాలకు ఇంత రాద్ధాంతం అవసరమా అని నిజంగానే అడుగుతున్నాను.

జవాబు: సూర్యాపేట లెక్కలు, బర్మింగ్‌హామ్

తమ్ముడూ, అడిగావు కాబట్టి చెబుతాను. ఎన్ఆర్ఓ ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకువాళ్లు ఒక స్వీయ ప్రకటన పత్రం మీద సంతకం చేయించుకుంటారు, నువ్వు ఏ దేశంలో పన్ను నివాసివి, అక్కడ నీ పన్ను సంఖ్య ఎంత అని అందులో ఉంటుంది. ఆ వివరాలు, ఖాతా నిల్వ, వడ్డీ ప్రతి సంవత్సరం భారత్ నుంచి బ్రిటన్‌కు వాటంతట అవే వెళతాయి. రెండు దేశాలూ 2017 నుంచి ఈ మార్పిడి చేస్తున్నాయి. విదేశీ ఆదాయం విషయంలో తెలియక జరిగిన పొరపాటుకైనా పన్నెండేళ్లు వెనక్కి వెళ్లి లెక్క అడిగే అధికారం ఇక్కడి శాఖకు ఉంది. కావాలని దాచితే ఇరవై ఏళ్లు. 354 పౌండ్ల కోసం ఒక కుటుంబం పన్నెండేళ్లు ఆ బెంగ మోయడం నాకు ఇష్టం లేదు. పౌరసత్వానికి దరఖాస్తు చేసేటప్పుడు కూడా పన్ను సరిగ్గా కట్టారా లేదా అని చూస్తారు, నీ వయసువాళ్లు అది తప్పక గుర్తుంచుకోవాలి.

జవాబు: పాలమూరు రిటర్నులు, మహబూబ్‌నగర్

అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా పన్ను రిటర్నులు వేస్తున్నాను. మా జిల్లా నుంచి, మీ నల్లగొండ నుంచి వెళ్లిన పిల్లల పనులు చాలానే చూశాను. బర్మింగ్‌హామ్ సోదరుడు ఆ దేశపు లెక్క చక్కగా విడదీశారు. ఇవతలి ఒడ్డు సంగతి నేను రాస్తాను, ఎందుకంటే మీ ప్లాటు మీద నిజంగా పడే పన్ను ఇక్కడే ఉంది.

భారత చట్టం మీ నాన్నగారు కొన్న ధరనే మీ ధరగా తీసుకుంటుంది. 48 లక్షల్లో 3 లక్షలు తీసివేస్తే లాభం 45 లక్షలు. 2024 జూలై 23 తరువాత అమ్మే భూమికి దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేదు. పాత ప్లాట్లకు సర్దుబాటుతో 20 శాతం ఎంచుకొనే అవకాశాన్ని ఆ తరువాత ఇచ్చినా అది భారత నివాసులకే, మీలాంటి ప్రవాసులకు వర్తించదు. కాబట్టి పన్ను 5,62,500, దాని మీద 4 శాతం సెస్సు 22,500, మొత్తం 5,85,000 రూపాయలు. బ్రిటన్‌లో ఆ లాభం మీద పన్నే లేదు కనుక ఇక్కడ కట్టిన దానిని అక్కడ తగ్గించుకోవడానికి వీలుండదు. రెండు దేశాల ఒప్పందం ఉన్నంత మాత్రాన ఒక చోట కట్టినది రెండో చోట నుంచి తిరిగి రాదు. ఒకే లాభం మీద రెండు చోట్లా పన్ను పడినప్పుడు మాత్రమే అక్కడి పన్నులోంచి ఇక్కడిది తగ్గిస్తారు, చివరకు రెండింటిలో ఏది పెద్దదో అంత మన చేతి నుంచి పోతుంది. మీ విషయంలో పెద్దది భారత్ పన్ను.

ఈ అమ్మకపు సొమ్ముతో భారత్‌లో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది, విదేశంలో కొనే ఇంటికి లేదు. అమ్మిన ఆరు నెలల లోపల 50 లక్షల వరకు మూలధన లాభాల బాండ్లలో పెట్టినా పన్ను తప్పుతుంది కానీ ఆ డబ్బు అయిదేళ్లు కదలదు. మీకు ఇంటి కోసం ఇప్పుడే కావాలి కనుక అది మీకు పనికి వచ్చే దారి కాదు.

ఈ పనిలో నేను పదే పదే చూసిన ప్రమాదం ఒకటి చెబుతాను. మీ ఆధార్ మీద, పాన్ మీద నల్లగొండ చిరునామా ఉంటుంది. కొనేవారు మిమ్మల్ని భారత నివాసి అనుకొని, ధర 50 లక్షల లోపే కాబట్టి పన్ను కోత అవసరం లేదనుకొని మొత్తం సొమ్ము మీ చేతిలో పెడతారు. ప్రవాసి దగ్గర కొంటే ధర ఎంతైనా కోత ఉంది. కొనేవారు 12.5 శాతం, సెస్సు కలిపి 13 శాతం పట్టుకొని మీ పేరున ప్రభుత్వానికి కట్టాలి. అలా కట్టకపోతే రెండు మూడేళ్లకు నోటీసు వెళ్లేది కొన్నవారికే. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం కొన్న ప్లాటు మీద ఇల్లు కట్టుకొని, గృహప్రవేశమైన నెల లోపల అలాంటి నోటీసు పట్టుకొని వచ్చింది. అమ్మినవారూ కొన్నవారూ దూరపు చుట్టాలే, ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. కాబట్టి బయానా తీసుకునే ముందే మీరు ప్రవాసి అని రాతలో చెప్పండి.

కోత సాధారణంగా మొత్తం ధర మీద వేస్తారు, అంటే 6,24,000. లాభం మీదనే వేయించాలంటే పన్నుల శాఖకు దరఖాస్తు పెట్టి తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మీ ప్లాటు పాత ధర మరీ తక్కువ కాబట్టి తేడా 39,000 రూపాయలే, అది రిటర్ను వేస్తే రీఫండ్‌గా వస్తుంది. నా అభిప్రాయంలో మీకు ఆ ధ్రువపత్రం కోసం ఆగవలసిన పని లేదు. ఈ మధ్యనే ఎక్కువ ధరకు కొన్న ఇల్లు అమ్మేవాళ్లకు మాత్రం అది తప్పనిసరి అని చెబుతాను.

మడిగెల కిరాయి మీద కూడా కిరాయిదారు 31.2 శాతం పట్టుకోవాలి, ఏడు వేలకు 2,184. మన దగ్గర చిన్న దుకాణదారులు ఇది చేయరు, చాలామందికి తెలియదు. మీ కిరాయి ఏడాదికి 1,68,000, అందులో 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోగా 1,17,600 మాత్రమే, పన్ను పరిమితి కంటే బాగా తక్కువ. కోత జరిగినా అదంతా రీఫండ్ వచ్చేదే. రీఫండ్ వచ్చే కోతను బ్రిటన్‌లో కట్టిన పన్నుగా చూపించుకోకూడదు, చివరకు నిలిచిన పన్నుకే అక్కడ విలువ.

డబ్బు పంపడానికి ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు అనుమతి ఉంది. మీ మొత్తం అందులో చిన్న భాగం. సీఏ గారు పన్ను సంగతి చూసి ధ్రువపత్రం ఇస్తారు, దాని ఆధారంగా ప్రకటన ఫారం నింపుతారు, బ్యాంకు పంపుతుంది. రిజిస్ట్రేషన్ విలువ తగ్గించి రాసి మిగతాది చేతికి ఇస్తామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. చేతికి వచ్చిన ఆ డబ్బు ఏ బ్యాంకు దారిలోనూ లెస్టర్ చేరదు, చేరని డబ్బుతో మీకు ఇల్లు రాదు.

జవాబు: జడ్చర్ల నుంచి బ్యాంకాక్

అక్కా, మీ దేశంలో పోయిన పద్ధతి నేనున్న థాయ్‌లాండ్‌లో ఇంకా బలంగా ఉంది. అందుకే ఎవరి అనుభవాన్ని ఎవరు నమ్మాలో చెప్పడానికి నాలుగు మాటలు రాస్తున్నాను. ఇక్కడ జనవరి నుంచి డిసెంబరు వరకు ఒక సంవత్సరంలో 180 రోజులు, అంతకు మించి ఉన్నవాళ్లు విదేశీ ఆదాయాన్ని దేశంలోకి తెస్తే పన్ను కట్టాలి. పూర్వం సంపాదించిన సంవత్సరంలోనే తెస్తే పన్ను, మరుసటి సంవత్సరం తెస్తే లేదు. కనుక అందరం కిరాయిని, వడ్డీని ఊళ్లో ఒక ఏడాది నిలిపి జనవరిలో తెచ్చుకునేవాళ్లం. 2023 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వుతో 2024 జనవరి 1 నుంచి ఆ దారి మూసుకుపోయింది, ఏ సంవత్సరపు ఆదాయమైనా తెచ్చిన సంవత్సరంలో పన్ను పడుతుంది. 2023 నవంబరులోనే ఇంకొక ఉత్తర్వు ఇచ్చి, 2024కు ముందు సంపాదించినది మాత్రం ఎప్పుడు తెచ్చినా పాత నియమమే అన్నారు.

నేను 2024లో పాప స్కూలు ఫీజు కోసం మహబూబ్‌నగర్ బ్యాంకు నుంచి తొమ్మిది లక్షలు తెప్పించాను. అది పాత డిపాజిట్ డబ్బే. కానీ డిపాజిట్ ముగిశాక బ్యాంకువాళ్లు దానిని మా ఇంటి కిరాయి పడే ఖాతాలోనే వేశారు, ఆ ఖాతాలో 2024 కిరాయి కూడా నాలుగు నెలలది చేరి ఉంది. ఇక్కడి అకౌంటెంట్ ఆ స్టేట్‌మెంట్ చూసి, ఏ రూపాయి ఏ సంవత్సరానిదో మీరే చెప్పండి అన్నారు. 2023 డిసెంబరు 31 నాటి నిల్వ చూపించే కాగితం మా తమ్ముడు బ్యాంకుకు మూడుసార్లు తిరిగి, ముద్ర వేయించి పంపాడు. ఆ కాగితమే నన్ను కాపాడింది. అప్పటి నుంచి పాత డబ్బుకు ఒక ఖాతా, కిరాయికి ఒక ఖాతా పెట్టాను. మీ దేశంలో నియమం మారినా, అమ్మిన ప్లాటు సొమ్మును కిరాయిల ఖాతాలో కలపకుండా వేరే ఎన్ఆర్ఓ ఖాతాలో వేయించుకోమని నా విన్నపం.

జవాబు: మిర్యాలగూడ నర్సు, డబ్లిన్

నేనూ నర్సునే. ఐర్లాండ్‌లో స్వదేశం వేరేగా ఉన్న నివాసులకు, విదేశీ ఆదాయాన్ని తెచ్చుకుంటేనే పన్ను అనే పద్ధతి ఇప్పటికీ ఉంది, దానికి బ్రిటన్‌లో చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఉండినట్లు ఏటా రుసుము కూడా లేదు. ఇక్కడికి రాకముందు దాచుకున్న జీతం తెచ్చుకుంటే పన్ను లేదు, వచ్చాక ఊళ్లో వచ్చిన కిరాయి తెచ్చుకుంటే ఉంది. సింగపూర్‌లో ఉన్న మా చెల్లెలికైతే విదేశం నుంచి తెచ్చుకున్న ఆదాయానికి 2004 నుంచి పన్నే లేదు. అమెరికాలో ఉన్న మా అన్నకు తెచ్చినా తేకపోయినా ప్రపంచ ఆదాయమంతా లెక్కే. పైగా విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే వేరే ప్రకటన ఇవ్వాలి. ఒకే ఇంటి ముగ్గురికి మూడు చట్టాలు కావడంతో పండుగకు కలిసినప్పుడు ఒకరి సలహా ఒకరికి పనికిరాకుండా పోతుంది.

స్పందన: బత్తాయి తోట, లెస్టర్

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఒక్కొక్క జవాబును రెండుసార్లు చదివాను. నాలుగేళ్ల మినహాయింపు అడగకూడదని నిర్ణయించుకున్నాను. 2,514 పౌండ్లు పోగొట్టుకుంటానని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, దాదాపు ఆ గడి నింపడానికే సిద్ధపడ్డాను. పాత రెండు సంవత్సరాల కిరాయి, కౌలు ఈ వారంలోనే ప్రకటిస్తాను. మా బావకు కూడా ఈ పేజీ చదివి వినిపించాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, కౌలు రసీదులన్నీ ఫొటో తీసి పంపుతానన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. 2021లో ప్లాటు విలువకు వాల్యూయర్ ఏ ఆధారం చూస్తారు? కొనేవారు మార్చి చివరలో అగ్రిమెంటు రాసుకొని ఏప్రిల్ మూడో వారంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుందామంటున్నారు, దాని వల్ల ఏమైనా తేడా వస్తుందా?

జవాబు: పాలమూరు రిటర్నులు, మహబూబ్‌నగర్

అమ్మా, చుట్టుపక్కల ప్లాట్లు 2021లో ఏ ధరకు రిజిస్టర్ అయ్యాయో దస్తావేజుల నకళ్లు తీయించి వాల్యూయర్‌కు ఇవ్వండి. ఆ జూలైలో తెలంగాణ ప్రభుత్వం భూముల మార్కెట్ విలువలను సవరించింది. మీ నాన్నగారు ఆగస్టులో పోయారు కనుక సవరణ తరువాతి విలువే ప్రారంభ బిందువు, బజారు ధర దాని పైన ఎంత ఉండేదో ఆ నకళ్లు, వాల్యూయర్ తనిఖీ తేలుస్తాయి. మరణ ధ్రువీకరణ పత్రం, విరాసత్ కాగితం నివేదికకు జత చేయించండి. లెస్టర్‌లో ఇల్లు కొనేటప్పుడు మీ న్యాయవాది డబ్బు ఎక్కడిదని అడిగితే అవే కాగితాలు మళ్లీ పనికి వస్తాయి. మార్చిలో అగ్రిమెంటు, ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ అయితే, స్వాధీనం కూడా అప్పుడే ఇస్తే, భారత్ లెక్కలో అమ్మకం వచ్చే ఆర్థిక సంవత్సరానికి వెళుతుంది.

జవాబు: సూర్యాపేట లెక్కలు, బర్మింగ్‌హామ్

బ్రిటన్ లెక్కలో మాత్రం షరతులు లేని అగ్రిమెంటు మీద సంతకమైన రోజే అమ్మిన రోజు. మార్చిలో సంతకం చేస్తే 2025-26, అంటే భారత్‌లో ఒక సంవత్సరానికి, ఇక్కడ దానికి ముందు సంవత్సరానికి చెందుతుంది. మీకు రెండు సంవత్సరాల్లోనూ పన్ను పడే సూచన లేదు. అయినా రిటర్ను నింపేవారికి ఆ అగ్రిమెంటు నకలు తేదీతో సహా ఇవ్వండి, మారకపు రేటు కూడా ఆ తేదీదే తీసుకోవాలి. కుదిరితే సంతకమూ రిజిస్ట్రేషనూ రెండూ ఏప్రిల్ 6 తరువాత పెట్టించుకోండి, రెండు దేశాల రిటర్నుల్లోనూ ఒకే సంవత్సరంలో కనిపిస్తుంది.